బడిపిల్లలకు తిండి పాఠం, ఆట పాఠం

ప్రాథమిక పాఠశాలల్లో చదివే పిల్లలకు పోషకాహారాన్ని గురించి, వ్యాయామాన్ని గురించి ఎలా చెప్పాలన్న విషయం మీద ఈరోజు మీతో నాలుగు మాటలు మాట్లాడదామనుకుంటున్నాను. "ఇందులో చెప్పడానికేముంది? పుస్తకంలో పాఠం ఉంది, గోడమీద పటం ఉంది. చదివిస్తే సరిపోదా?" అని మీరు అనవచ్చు. నిజమే, పాఠమూ ఉంది, పటమూ ఉంది. కాకపోతే మన సరిహద్దు తాలూకాల్లో ఆ పాఠం ఒక భాషలో ఉంటుంది, పిల్లల పళ్లెం ఇంకో భాషలో ఉంటుంది. ములబాగిలు, బాగేపల్లి, పావగడ, బళ్లారి చుట్టుపక్కల ఊళ్లలో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. హోసూరు వైపు వెళితే ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. పర్లాకిమిడి, రాయగడ ప్రాంతాల్లో బడిలో ఒడియా. లెక్కల పాఠానికి దీనివల్ల పెద్ద నష్టం లేదు. రెండూ రెండూ ఏ భాషలోనైనా నాలుగే. తిండి పాఠం అలా కాదు. అది ఇంటి వంటగదిలోకి పోవాలి. పోవాలంటే ఇంటి మాటలోనే పోవాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. నాలుగో తరగతి పాప ఒకతె పరీక్షలో చక్కగా రాసింది. ససారజనక ఎక్కువగా ఉండే ఆహారాలు ఏవి అంటే బేళె, మొట్టె, మాంస, హాలు అని రాసింది. కన్నడంలో ససారజనక అంటే మనం తెలుగులో మాంసకృత్తులు అంటాము, ప్రొటీన్ అంటాము. పూర్తి మార్కులు వచ్చాయి. మర్నాడు మాటల్లో, "నిన్న మీ ఇంట్లో ఏం చేశారమ్మా?" అని అడిగాను. "అనపగింజల చారు, సంగటి, మిస్" అంది. "అందులో ససారజనక ఉందా మరి?" అంటే ఆ పిల్ల ఏమందో తెలుసా? "లేదు మిస్, అది మా ఇంట్లో చెయ్యరు. అది పుస్తకంలోది."

ఆ పిల్లను తప్పు పట్టలేము. బేళె అనేది అంగట్లో కొనే కందిపప్పు అనుకుంది. పొలం గట్టున పండి, మార్గశిరంలో ఇంటిల్లిపాదీ కూర్చుని వలిచి, నానబెట్టి, పితికి, పితికిపప్పు చేసుకుని తినే అనపగింజకు కూడా ఆ గొప్ప పేరు వర్తిస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఎండబెట్టిన అనపగింజలోను, ఉలవల్లోను నూటికి 20 పాళ్లకు పైగా మాంసకృత్తులే. మన పిల్లలు రోజూ తింటున్న దానికి పేరు తెలియక, పేరు తెలిసినదాన్ని ఎన్నడూ తినలేదనుకుంటూ పెద్దవాళ్లవుతున్నారు. ఉలవచారు పేదవాళ్లది, బిస్కత్తు చదువుకున్నవాళ్లది అని ఒకసారి మనసులో పడిందంటే, ఆ బిడ్డ పెరిగి సంసారం చేసేటప్పుడు ఉలవలు ఇంట్లోకి రావు.

కాబట్టి మొదటి పని రెండు పేర్లు రాయడం. నల్లబల్లను నిలువుగా రెండు భాగాలు చేయండి. ఒకవైపు బడి పేరు, ఒకవైపు ఇంటి పేరు. ఇంటి పేరు పిల్లలే చెప్పాలి, ఉపాధ్యాయుడు చెప్పకూడదు. హురళి అని రాస్తే "ఉలవలు" అని నలుగురు కేకవేస్తారు. నుగ్గె సొప్పు అంటే మునగాకు. దంటు సొప్పు అంటే తోటకూర. హొనగొన్నె అంటే పొన్నగంటికూర. అన్నె సొప్పు అంటే గురుగాకు. ఈ చివరి రెండింటికి తరగతిలో సగం మందికి పేరు తెలియదు, ఇంట్లో అవ్వను అడిగి రావాలి. అదే మనకు కావలసింది. పాఠం అవ్వ దాకా పోయింది కదా.

ఇందులో ఒక రోజును ఆకులకు కేటాయించవచ్చు. వానలు పడ్డాక, గట్లమీద పచ్చన కనబడే కాలంలో, ఒక్కొక్కరు తమ ఇంట్లో వండుకునే ఆకు ఒక కొమ్మ తేవాలి. నలభై మంది పిల్లలున్న తరగతిలో పది పన్నెండు రకాలు వస్తాయి. పట్నం బడిలో ఇన్ని రకాలు దొరకవు. అన్నీ కలిపి వండితే మనవాళ్లు కలగూర అంటారు, కన్నడం వాళ్లు బెరకె సొప్పు అంటారు. రెండు మాటలకూ అర్థం ఒకటే. ఇక్కడ ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. టమాట తోటల్లో మందు కొట్టిన గట్లమీది ఆకు కోయవద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి. తెలియని ఆకును పెద్దవాళ్లకు చూపించకుండా నోట్లో పెట్టకూడదని కూడా చెప్పండి.

ఇక రాగుల మాట. మన జిల్లాల పిల్లలకు రాగి సంగటి అంటే లోలోపల కొంచెం నామోషీ. నిన్న రాత్రి ఏం తిన్నావంటే, తిన్నది సంగటి అయినా, "అన్నం, సాంబారు" అని చెప్పే పిల్లలు ఉన్నారు. అందుకే "నిన్న ఏం తిన్నావు" అని తరగతిలో అందరి ముందు అడగడం మంచి పద్ధతి కాదని నా అభిప్రాయం. చాలా పుస్తకాల్లో ఈ ప్రశ్న కృత్యంగా ఇస్తారు. ఏమీ తినకుండా పడుకున్న బిడ్డ ఆ ప్రశ్నకు ఏం చెబుతుంది? కథ అల్లుతుంది. మనం ఆ కథను నోటుపుస్తకంలో రాయించి సంతకం పెడతాము. దానికి బదులు "మీ ఇంట్లో వండే కూరల పేర్లు చెప్పండి" అంటే ఎవరి పేదరికమూ బయటపడదు.

రాగుల సంగతి అంకెలతో చెప్పండి, పిల్లలకు అంకెలంటే నమ్మకం. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఎముకలను, పళ్లను గట్టిపరిచేది అదే. నూరు గ్రాముల పాలల్లో సుమారు 120. పాలిష్ పట్టిన తెల్ల బియ్యంలో పట్టుమని పది మిల్లీగ్రాములు. ఏడు నుంచి తొమ్మిదేళ్ల బిడ్డకు రోజుకు 650 మిల్లీగ్రాములు కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో లెక్కకట్టింది. ఈ నాలుగు అంకెలు బల్లమీద రాసి, ఎవరు పెద్ద, ఎవరు చిన్న అని అడిగితే చాలు, సంగటి తినే పిల్లవాడు నిటారుగా కూర్చుంటాడు.

అయితే పొగడడంలో కూడా హద్దు ఉండాలి. 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పటి నుంచి రాగి ఒక్కటి తింటే చాలు సర్వరోగాలూ పోతాయన్నట్లు ప్రచారం బయలుదేరింది. అది సరికాదు. రాగుల్లో ఫైటేట్ అనే పదార్థం ఉంటుంది. అది కాల్షియాన్ని, ఇనుమును పట్టుకుని ఒంటికి పూర్తిగా అందనివ్వదు. నానబెట్టి మొలకెత్తించి పిండి పట్టిస్తే, లేక అంబలిగా పులియబెడితే దాని పట్టు సడలుతుంది. పసిబిడ్డలకు మొలకరాగి పిండితో జావ కాచి పోసిన మన పెద్దవాళ్లు ఫైటేట్ పేరు వినలేదు కానీ పని మాత్రం సరిగ్గానే చేశారు. ఇంకో సంగతి. ధాన్యాల మాంసకృత్తుల్లో లైసిన్ అనే భాగం తక్కువ. పప్పుగింజల్లో అది బాగా ఉంటుంది, మిథియోనిన్ తక్కువ. రెండూ కలిస్తే ఒకదాని కొరత ఇంకొకటి తీరుస్తుంది. కాబట్టి సంగటిలోకి పప్పో, ఉలవచారో, అలసందలో ఉంటేనే ఆ భోజనానికి బలం. ఊరికే సంగటి, మిరపకాయ కారం పెట్టుకుని తినే బిడ్డకు కడుపు నిండుతుంది, ఒళ్లు ఎదగదు.

ఇప్పుడు రక్తహీనత విషయానికి వస్తాను. ప్రార్థన సమయంలో వరసలో నిలబడి ఉన్న పిల్ల ఉన్నట్టుండి కళ్లు తేలవేసి కూలబడడం ఉపాధ్యాయులందరూ చూసి ఉంటారు. ఎండ దెబ్బ అంటాము, దిష్టి అంటాము. చాలాసార్లు కారణం రెండే. పొద్దున ఏమీ తినకపోవడం ఒకటి, ఒంట్లో నెత్తురు తక్కువగా ఉండడం ఒకటి. 2016 నుంచి 2018 దాకా దేశమంతటా జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో అయిదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో నూటికి 24 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. అంటే నలభై మంది తరగతిలో తొమ్మిది, పది మంది. వాళ్లు జబ్బుపడినట్లు కనబడరు. మందకొడిగా ఉంటారు, పాఠం పట్టదు, ఆటలో ముందు అలిసిపోతారు. మనం సోమరి అని పేరు పెడతాము.

ఇనుము ఎందులో ఉంటుందంటే పిల్లలు వెంటనే సొప్పు అంటారు, పటంలో అలా ఉంది కనుక. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టాలంటే తోడు కావాలన్న సంగతి పటంలో లేదు. ఆ తోడు పులుపు. నిమ్మకాయ, ఉసిరికాయ, జామకాయ, వీటిలోని సి విటమిన్ ఇనుమును పట్టేలా చేస్తుంది. ఆకుకూర తిని జామకాయ కొరికితే మేలు. ఆకుకూర తిని టీ తాగితే టీలోని టానిన్లు ఆ ఇనుమును అడ్డుకుంటాయి. మన ఊళ్లలో పిల్లలకు పొద్దున్నే టీ, అందులో ముంచుకోవడానికి బన్ను ఇచ్చి బడికి పంపేవారు ఎందరో ఉన్నారు. తల్లిదండ్రులను అని లాభం లేదు. పట్టుపురుగుల మేతకు మల్బరీ ఆకు కోయడానికి తెల్లవారకముందే తోటకు పోయేవాళ్లు, కూలీకి బస్సెక్కేవాళ్లు, వాళ్లకు పొయ్యి వెలిగించే తీరిక ఎక్కడిది? రాత్రి సంగటి ముద్ద ఒకటి నీళ్లలో వేసి ఉంచి, పొద్దున మజ్జిగ పోసి పిసికి ఇస్తే టీ కన్నా ఎంతో నయం. ఇది కొత్త సలహా కాదు, మీ అమ్మగారు చేసిందే.

ఆకుకూరల్లో ఇనుముతోపాటు ఉండే ఫోలిక్ ఆమ్లం గురించి చెప్పేటప్పుడు ఒక తెలుగువారి పేరు పిల్లలకు చెప్పక తప్పదు. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పనిచేస్తూ, 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపించారు. ఫోలియం అంటే లాటిన్ భాషలో ఆకు. ఆకునుంచి వచ్చిన పేరు అది. ఇవాళ బడిలో ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లలకు వారానికొకసారి ఇచ్చే గులాబీరంగు మాత్రలో 45 మిల్లీగ్రాముల ఇనుముతోపాటు ఆ ఫోలిక్ ఆమ్లమే ఉంది. ఈ మాత్రను పరగడుపున వేస్తే వికారం చేస్తుంది. భోజనమయ్యాక, ఉపాధ్యాయుల కళ్లముందు మింగించాలి. జేబులో వేసుకుని ఇంటికి తీసుకుపోయిన మాత్ర గోడవతలికి పోతుంది. దీనికి తోడు నులిపురుగుల మాత్ర ఉంది. 2015 నుంచి ఫిబ్రవరి 10ని జాతీయ నులిపురుగుల నివారణ దినంగా పాటిస్తున్నారు, చాలాచోట్ల ఆగస్టులో మరోసారి ఇస్తారు. ఆ మాత్రను నమిలి మింగాలి. కొంకి పురుగులు మట్టిలోనుంచి అరికాలి చర్మం గుండా ఒంట్లోకి పోయి పేగుల్లో నెత్తురు తాగుతాయి. చెప్పులు వేసుకోవడం కూడా పోషకాహార పాఠమే నన్నమాట.

మధ్యాహ్న భోజనానికి వద్దాము. కన్నడంలో దీన్ని బిసియూట అంటున్నారు, అంటే వేడి భోజనం. దీని పుట్టుకలో కూడా తెలుగువారి చెయ్యి ఉంది. తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబంలో పుట్టిన పిట్టి త్యాగరాయ చెట్టి గారు మద్రాసు నగరపాలక సంఘానికి అధ్యక్షులుగా ఉన్నప్పుడు, 1920లో, థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని ఒక బడిలో పిల్లలకు పగటిపూట భోజనం పెట్టించారు. తరువాత 1956 ప్రాంతంలో కామరాజ్ గారు, 1982లో ఎం.జి.ఆర్. గారు తమిళనాడులో దాన్ని విస్తరించారు. 2001 నవంబరులో సుప్రీంకోర్టు వండిన భోజనమే పెట్టాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. కర్ణాటకలో 2002లో అక్షర దాసోహ పేరుతో మొదలైంది. 2013లో పాలు వచ్చాయి. గుడ్డు 2021 చివర ఉత్తర జిల్లాల్లో మొదలై, తరువాత రాష్ట్రమంతటికీ వచ్చింది. హోసూరు వైపు వినే శ్రోతలకు తెలుసు, తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో 2022లో మొదలుపెట్టి 2023లో అన్నిటికీ పొద్దుటి ఫలహారం కూడా విస్తరించారు. పొద్దుటి ఆకలికి అంతకన్నా సూటి మందు లేదు.

ఈ భోజనం వట్టి భోజనం కాదు, చేతికందే పాఠం. ప్రాథమిక తరగతి బిడ్డ ఒక్కరికి రోజుకు 100 గ్రాముల ధాన్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె అని నియమం. అంతా కలిసి 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు రావాలి. నాలుగో తరగతికి ఇదొక లెక్క ఇవ్వండి. ఈరోజు హాజరు 60 మంది. బియ్యం ఎంత? ఆరు కిలోలు. పప్పు ఎంత? ఒక కిలో రెండువందల గ్రాములు. కూరగాయలు మూడు కిలోలు. నూనె మూడువందల గ్రాములు. లెక్క చేసిన పిల్లలను వంటగది దగ్గరికి తీసుకుపోయి, వంటచేసే అక్క తక్కెడలో వేసి చూపిస్తే వాళ్ల మొహాలు చూడాలి. కాగితం మీది 20 గ్రాముల పప్పు తమ అరచేతిలో ఎంత ఉంటుందో అప్పుడు తెలుస్తుంది. సాంబారు నీళ్లగా ఉన్న రోజున ఆ తరగతే ముందు కనిపెడుతుంది. దీనివల్ల కొందరికి ఇబ్బంది కలగవచ్చు. కలగనివ్వండి.

పళ్లెంలో కూరముక్కలు ఏరి పక్కన పెట్టడం అన్నిచోట్లా ఉన్నదే. కేకలు వేసి తినిపిస్తే ఆ కూర అంటే జన్మంతా అసహ్యం పుడుతుంది. కొత్త కూరను బిడ్డ నాలుక ఒప్పుకోవడానికి పదిసార్లు రుచి చూడవలసి రావచ్చునని పిల్లల ఆహారపుటలవాట్లను పరిశీలించినవారు చెబుతారు. ఈసారి ఒక ముక్క, వచ్చేవారం రెండు ముక్కలు. ఉపాధ్యాయులు పక్కన కూర్చుని అదే తింటే పని ఇంకా త్వరగా జరుగుతుంది. గుడ్డు తినని ఇళ్ల పిల్లలకు అరటిపండు ఇస్తారు. తినేవారు తినని వారిని గాని, తినని వారు తినేవారిని గాని ఎగతాళి చేయకుండా చూసుకోవడం మన పని. ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారన్న విషయంలో మాత్రం రాజీ ఉండకూడదు. వరస ఒకటే, పంక్తి ఒకటే.

బడి గేటు దగ్గర వేలాడే రంగురంగుల పొట్లాల గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే అవుతుంది. 2020లో ఆహార భద్రతా సంస్థ ఒక నిబంధన తెచ్చింది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉండే పదార్థాలను బడి ఆవరణలోగాని, గేటు నుంచి 50 మీటర్ల లోపలగాని అమ్మకూడదు. ఆ నిబంధన ఉందని అంగడివారికి తెలియదు, మనమూ చెప్పము. అయితే నిషేధంతో పిల్లల మనసు మారదు. అయిదో తరగతి పిల్లలకు పొట్లం వెనక ఉన్న సన్నని అక్షరాలు చదవడం నేర్పండి. తీపి పానీయం 200 మిల్లీలీటర్ల సీసాలో ఇంచుమించు 20 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. ఒక గాజుగ్లాసులో నీళ్లు పోసి, అందులో పిల్లలచేతనే నాలుగైదు చెంచాల చక్కెర వేయించండి. కలిపి రుచి చూపించండి, మొహం చిట్లిస్తారు. అదే చక్కెర రంగు, గ్యాసు, చల్లదనం కలిస్తే తెలియకుండా గొంతు దిగుతుంది. ఆ సీసా ధరకు మన సంతలో ఎన్ని శెనక్కాయలు వస్తాయో లెక్క వేయించండి. శెనక్కాయ గింజల్లో నాలుగో వంతు మాంసకృత్తులే. పండించేది మన పొలంలో, అమ్మి పిల్లలకు కొనిచ్చేది మసాలా పొట్లం.

వ్యాయామం మాట కొస్తే, మన తరం పిల్లలకు ఆ మాటే అక్కర లేకపోయింది. బడికి రెండు మైళ్లు నడక, వచ్చాక దూడలను తోలుకు రావడం, చీకటిపడేదాకా చెడుగుడు. ఇప్పుడు పల్లెలో కూడా ఆటో వచ్చి గడపముందు ఎక్కించుకుపోతుంది, ఇంటికొస్తే చేతిలో ఫోను. అయిదు నుంచి పదిహేడేళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు, ఊపిరి వేగంగా ఆడేటంతగా ఒళ్లు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఆ అరవై నిమిషాలు ఒక్క దఫాగానే కానక్కరలేదు. పొద్దున పదిహేను, విరామంలో పదిహేను, ఆటల పీరియడ్‌లో అరగంట, ఇలా కూడబెట్టవచ్చు.

చిన్న బడులకు వ్యాయామ ఉపాధ్యాయులు ఉండరు, బంతులు ఉండవు. ఉండకపోయినా ఫరవాలేదు. తొక్కుడుబిళ్లకు ఒక పెంకు చాలు. కన్నడం పిల్లలు దాన్ని కుంటెబిల్లె అంటారు. ఒంటికాలి మీద గెంతడంలో తుంటి, మోకాలు, చీలమండ అన్నిటికీ బలం, శరీరానికి నిలకడ. ఖోఖోలో పరుగూ, ఉన్నట్టుండి ఆగడమూ, తిరగడమూ ఉన్నాయి. ఎముకలు గట్టిపడడానికి ఇలా గెంతే ఆటలు, దూకే ఆటలు మంచివి. రాగుల్లోని కాల్షియం ఎముకలో చక్కగా కుదురుకోవాలంటే ఆ ఎముకమీద బరువు పడాలి. తిండి పాఠాన్నీ ఆట పాఠాన్నీ విడదీయవద్దని నేను అనేది ఇందుకే. కోతికొమ్మచ్చి ఎక్కడానికి చెట్టుంటే మరీ మంచిది, పర్యవేక్షణకు ఒకరు నిలబడాలి.

ఆటల పీరియడ్ పేరుతో మన బడుల్లో జరిగేదేమిటంటే, బాగా ఆడే పదిమందిని తాలూకా పోటీలకు తయారుచేయడం, మిగతా ముప్పైమంది గట్టుమీద కూర్చుని చప్పట్లు కొట్టడం. కప్పు బడికి వస్తుంది, ఆరోగ్యం ఆ పదిమందికే వస్తుంది. లావుగా ఉన్న పిల్లవాడు, ఆయాసం వచ్చే పిల్ల, కాలు కాస్త ఈడ్చే పిల్లవాడు, వీళ్లకే ఆట ఎక్కువ కావాలి. ఓడినవారు బయటికిపోయే ఆటలకన్నా, ఓడినవారు తిరిగి లోపలికి వచ్చే ఆటలు మంచివి. ఆడపిల్లలు నాలుగో తరగతి దాటగానే నీళ్లు తెచ్చే పనికీ, ఊడ్చే పనికీ లేచిపోతారు, మగపిల్లలు మైదానంలోకి పోతారు. దీన్ని ఉపాధ్యాయులే ఆపగలరు.

ఇంకో మాట. తప్పుచేసిన పిల్లవాడిచేత గుంజీలు తీయించడం, మైదానం చుట్టూ పరుగెత్తించడం మనకు పాతకాలపు అలవాటు. పరుగును శిక్షగా రుచి చూసిన పిల్లవాడు పెద్దయ్యాక ఆరోగ్యం కోసం పరుగెత్తుతాడా? వ్యాయామానికీ శిక్షకూ ముడిపెట్టకండి. ఎత్తూ బరువూ తీసేటప్పుడు అందరిముందు అంకెలు చదవకండి. ఒకరికి బక్కోడు అనీ ఒకరికి బూరె అనీ ఆ రోజే పేర్లు పడతాయి, అవి పదేళ్లు పోవు. ఆ అంకె పుస్తకంలో రాసుకుని, ఎదుగుదల ఆగిన బిడ్డ తల్లిని విడిగా పిలిచి మాట్లాడితే చాలు.

చివరగా ఆ తల్లులతో మాట్లాడే సంగతి. బడినుంచి ఇంటికి పోయే చీటీలన్నీ రాష్ట్ర భాషలో ఉంటాయి. తల్లికి చదవడం రాకపోవచ్చు, వచ్చినా ఆ భాష రాకపోవచ్చు. అక్కడున్న అక్కలకూ, అవ్వలకూ మన ఇంటి తెలుగులో నోటితో చెబితే పది నిమిషాల పని. బడి అభివృద్ధి సంఘం సమావేశాన్ని మధ్యాహ్నం మూడింటికి పెడితే తల్లులు రారు, కూలీ పోతుంది. పాలు పోసి వచ్చాక, సాయంకాలం ఆరింటికి పెట్టండి. మూణ్ణెల్లకొకసారి చాలు. మాత్రల పొట్లమూ, మొలకరాగి పిండీ, నాలుగు రకాల ఆకులూ బల్లమీద పెట్టి కూర్చోండి. ఉపన్యాసం ఇవ్వకండి, వాళ్లను అడగనివ్వండి. అలాంటి ఒక సమావేశంలో మొదటి అరగంట ఎవరూ నోరు విప్పలేదు. తరువాత వెనక కూర్చున్న ఒక అవ్వ లేచి, "అమ్మా, గులాబి మాత్ర వేసిన మర్నాడు మా మనవరాలికి దొడ్డికి నల్లగా పోతా ఉంది. భయపడి మేము మాత్ర మానిపించేసినాము" అంది. ఇనుము మాత్ర వేసుకుంటే అలా నల్లగా పోవడం మామూలే, భయం లేదు, మాత్ర మానకూడదు అని చెప్పాను. వెంటనే ముందువరసలో ఇద్దరు, కిటికీ దగ్గర ముగ్గురు, "మేమూ మానిపించినామమ్మా" అన్నారు. మరుసటి సోమవారం భోజనమయ్యాక ఆ ఆరుగురు పిల్లలూ వరసలో నిలబడి మాత్ర వేసుకున్నారు.